జైల్లో ఉన్నవాడికి సినిమా ఉత్తరాలు రాయడం ఎలా

జైల్లో ఉన్న మనిషికి ఉత్తరం రాద్దామని కూర్చుంటే మొదటి లైను సులువుగానే వస్తుంది. 'ఇక్కడ అందరం క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను.' ఆ తర్వాత కలం కదలదు. కేసు గురించి రాయకూడదు. ఇంట్లో కష్టాలు రాస్తే లోపల కూర్చున్నవాడు చేయగలిగింది ఏమీ లేదు. బాగున్నామని రాస్తే వాడు లేకపోయినా బాగానే ఉన్నామని చెప్పినట్టవుతుంది. మరి ఏం రాయాలంటే, సినిమాల గురించి రాయండి అంటాను.

నేను ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేసి మానేసినవాణ్ని. కార్బన్ కడ్డీల కాలం నుంచి డిజిటల్ వచ్చేదాకా ఆ ప్రొజెక్టర్ క్యాబిన్‌లోనే ఉన్నాను. మా మేనల్లుడు లారీ మీద క్లీనరుగా వెళ్లి గంజాయి కేసులో ఇరుక్కున్నాడు. 20 కిలోలు దాటితే చట్టం దాన్ని కమర్షియల్ క్వాంటిటీ అంటుంది, ఇక బెయిల్ అంత తేలిగ్గా రాదు. అలా ఇప్పుడు బరంపురం సర్కిల్ జైల్లో అండర్‌ట్రయల్‌గా, అంటే విచారణ ఇంకా తేలని ఖైదీగా ఉన్నాడు. పాతికేళ్లు నిండని వయసు. బయట వాడికి ఇష్టమైన అమ్మాయి ఒకతి ఉంది. కన్నవాళ్లతో చెప్పుకోలేనివి మావయ్యతో చెప్పుకుంటాడని ఈ ఉత్తరాల పని నాకు అప్పగించారు. ఆ రాతలో నాకు కుదిరిన పద్ధతి ఇది. మీవాడు రాయగడలో ఉన్నా, కోరాపుట్‌లో ఉన్నా పెద్ద తేడా ఉండదు.

ముందు కవరు సంగతి

50 పైసలే కదా అని పోస్టుకార్డు మీద రాయకండి. పోస్ట్‌మాన్ నుంచి జైలు గేటు దాకా దారిలో అందరూ చదువుతారు. ఇన్లాండ్ లెటర్ రెండున్నర రూపాయలు. అందులో ఏమీ పెట్టడానికి వీలుండదు కాబట్టి తనిఖీ చేసేవాళ్లకూ తేలిక. నేను ఎక్కువగా వాడేది అదే. ఎక్కువ రాయాల్సి వస్తే 5 రూపాయల కవరు, 20 గ్రాములు మించకుండా. ముట్టినట్టు రుజువు కావాలంటే స్పీడ్ పోస్టు చేయాల్సిందే. రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది.

మనవాళ్లకు చిక్కు వచ్చేది పేరు దగ్గర. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒక్కోసారి ఒక్క అక్షరంతో సరిపెడతాం. ఒడియా గుమాస్తా రాసుకున్న రికార్డులో అది వెనక పడి ఉంటుంది, స్పెల్లింగ్ కూడా ఇంకోలా ఉంటుంది. రిమాండ్ కాగితం మీద పేరు ఎలా ఉందో అలాగే దించండి. తండ్రి పేరు, అండర్‌ట్రయల్ అయితే ఆ నంబరు, శిక్ష పడినవాడైతే కన్విక్టు నంబరు, కేరాఫ్ సూపరింటెండెంట్, జైలు పేరు, జిల్లా, పిన్‌కోడ్, అన్నీ ఉండాలి. బరంపురం జైల్లో మన అప్పారావులూ రమణలూ తక్కువేం ఉండరు, నంబరు లేకపోతే ఉత్తరం ఇంకొకరి దగ్గరికి పోవచ్చు. పైన అడ్రసు ఇంగ్లీషులో, రాయగలిగితే ఒడియాలో కూడా. వెనక మీ పేరు, ఊరు తప్పకుండా రాయండి. పంపినవాడెవడో తెలియని ఉత్తరాన్ని ఎవరూ నమ్మరు.

స్టిక్కర్లు, సెంటు, మెరుపుల ఇంకు, స్టేపుల్ పిన్నులు వద్దు. ఫొటో పెట్టాలన్నా, జవాబు కోసం ఖాళీ ఇన్లాండ్ లెటర్ పంపాలన్నా ముందు ములాఖాత్‌కి, అంటే వాణ్ని చూడటానికి, వెళ్లినప్పుడు ఆఫీసులో అడగండి. వాడు నెలకు ఎన్ని ఉత్తరాలు రాయొచ్చో కూడా అక్కడే చెబుతారు. ప్రతి ఉత్తరం పైన తేదీతో పాటు వరస నంబరు వేయండి. పోస్టు చేసే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. మనం ఏం అడిగామో మనకే గుర్తుండదు, జవాబు వచ్చేసరికి అంత ఆలస్యమవుతుంది.

ఈ రోజుల్లో ఈ-ములాఖాత్ పేరుతో వీడియోలో మాట్లాడే సౌకర్యం కూడా ఉంది కదా, ఉత్తరాలెందుకని మా అబ్బాయి అడిగాడు. ఆ కొద్ది నిమిషాలూ తిన్నావా, ఒంట్లో ఎలా ఉంది, వాయిదా ఎప్పుడు అనే వాటికే అయిపోతాయి. ఇష్టాలూ ప్రేమలూ చెప్పుకోవడానికి వెనకాల మనుషులు క్యూలో ఉండకూడదు.

చదివే మూడో మనిషి

మీ ఉత్తరం వాడి చేతికి వెళ్లే ముందు జైలు ఆఫీసులో ఒకరు విప్పి చదువుతారు. వాడి జవాబు బయటికొచ్చే ముందూ అంతే. కోపం తెచ్చుకోవలసింది ఏం లేదు, ఆ మనిషికి చదవడం తేలికయ్యేలా రాయడమే మనం చేయగలిగింది. అక్షరాలు విడివిడిగా రాయండి, గొలుసుకట్టు వద్దు. బరంపురంలో తెలుగు చదివేవాళ్లకు కొదవ లేదు. కొండల వైపు చిన్న జైళ్లకు రాసేవాళ్లు మాత్రం తెలుగు చదవగలిగిన సిబ్బంది ఉన్నారా అని కనుక్కోండి. లేకపోతే ఉత్తరం బల్ల మీదే ఉండిపోతుంది. అలాంటప్పుడు సగం ఒడియాలో రాసినా నష్టం లేదు, మన పిల్లలు చదివింది ఒడియా బడిలోనే కదా.

భాష మాత్రం నోటితో మాట్లాడేదే ఉండాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మాది. 'మహారాజశ్రీ' అని మొదలుపెట్టి 'చిత్తగించవలెను' అని ముగిస్తే ఆయన ఆత్మ క్షోభిస్తుంది.

కేసు ఊసు ఎత్తొద్దు. లారీ ఓనరు, సాక్షులు, డబ్బు, ఆ రాత్రి ఏం జరిగింది, ఇవన్నీ లాయర్‌తో మాట్లాడాల్సినవి. లాయర్‌ని పెట్టుకోలేకపోతే 15100కి ఫోన్ చేయండి, అది ఉచిత న్యాయసహాయం నంబరు. సంకేత భాషలు అసలే వద్దు. ఒక్కోసారి మామూలు మాటే సంకేతంలా కనిపిస్తుంది. గంజాయి కేసువాడికి సినిమా కథ చెబుతూ 'రేవులో సరుకు దిగింది' అని రాస్తే, విలన్ గురించేనండీ అని మనం పక్కన నిలబడి చెప్పలేం కదా. అందుకే స్మగ్లింగ్ సినిమాల జోలికి నేను పోను. జైలు గోడ దూకే సినిమాలు, పగ తీర్చుకునే సినిమాలు కూడా పక్కన పెట్టాను. తెలుగులో ఆ రెండూ తీసేస్తే ఏం మిగిలిందని అడక్కండి, వెతికితే దొరుకుతాయి.

సినిమా గురించి రాయడమంటే

చాలామంది ఇలా రాస్తారు: 'నిన్న పాతపట్నం వెళ్లి కొత్త సినిమా చూశాం. చాలా బాగుంది. నువ్వుంటే బాగుండేది.' మూడు ముక్కలు. మొదటిది వాడికి అక్కర్లేదు, రెండోది మీకు తప్ప ఎవరికీ అర్థం కాదు, మూడోది గుచ్చుకుంటుంది. కథంతా చెప్పడం కూడా దండగే. ఒక్క సీను తీసుకోండి. దాని మీద ఒక్క ప్రశ్న వేయండి. ఆ ప్రశ్నకు తప్పొప్పులు ఉండకూడదు. నేను రాసిన ఒక ఉత్తరంలో ముక్క ఇది:

'ఒరే అల్లుడూ, మొన్న టీవీలో మిస్సమ్మ వేశాడు. మీ అత్త పప్పు రుబ్బుకుంటూ చూసింది, అందుకే గారెలు రాళ్లయ్యాయి. ఉద్యోగం కోసం ఇద్దరూ మొగుడూ పెళ్లాలమని అబద్ధం ఆడతారు కదా. ఆవిడకి అతని మీద ఇష్టం ఎక్కడ మొదలైందంటావు? మీ అత్త ఒక చోటు చెప్పింది, నేను ఇంకో చోటు చెప్పాను. ఇద్దరికీ గొడవ. తీర్పు నువ్వు చెప్పు. చూడకపోతే మీ వార్డులో పెద్దాళ్లెవరికైనా తెలిసే ఉంటుంది, అడుగు.'

అందులో ఇల్లు ఉంది, గారెలున్నాయి, కానీ 'నువ్వు లేవు' అన్న ఏడుపు లేదు. అందరి దగ్గరా తీర్పు కోసం ఎదురుచూసే కుర్రాడికి తీర్పు చెప్పే పని వచ్చింది. 1955 నాటి సినిమా వాడికెలాగూ తెలియదు, కాబట్టి పక్కవాళ్లతో మాట కలపాలి. లోపల ఉన్నవాణ్ని నలుగురిలో పడేసేదే మంచి ప్రశ్న.

వాడి జవాబు చాలా ఆలస్యంగా వచ్చింది.

'మావయ్యా, మా పక్కనున్న తాత కథంతా పాటలతో సహా చెప్పేడు. వార్డులో సగం మంది అత్త పక్షం. నా మట్టుకు ఆవిడకి మొదట్నించీ ఇష్టమే. అందుకే అంత కోపం. మరి అంత కోపం పడే మనిషి ఒక్క ముక్క కూడా రాయకుండా ఉంటే, ఇష్టం ఉన్నట్టా లేనట్టా?'

ఆ చివరి వాక్యం సినిమాలోది కాదు. వాడిదే. 'ఆ అమ్మాయి గురించి ఏమనుకుంటున్నావు' అని నేను నేరుగా అడిగి ఉంటే ఏమీ లేదు మావయ్యా అని రాసేవాడు. తెర మీద మనుషుల గురించి మాట్లాడుతూనే జనం తమ సంగతి బయటపెడతారు.

అలాంటి వాక్యం వచ్చినప్పుడు దాని మీద పడిపోకండి. ముందు సినిమాకే జవాబు రాయండి. 'మీ అత్త గెలిచినందుకు వీధంతా చెప్పుకుంది' అని రాసి, ఆ తర్వాత నెమ్మదిగా, 'నువ్వు అడిగిన ఆఖరు మాట చూశాను. దానికి జవాబు నాకూ తెలియదు. కానీ నువ్వెందుకు అడిగావో రాస్తే వింటాను' అంటే చాలు. రాస్తే రాస్తాడు. రాయకపోతే వచ్చే ఉత్తరంలో ఇంకో సీను.

కొత్త సినిమా గురించి చెప్పాలంటే నా దగ్గర ఒక ఉపాయం ఉంది. ఇంటర్వెల్ దాకా చెప్పి ఆపేయండి. 'సెకండాఫ్ నువ్వు రాసి పంపు, అసలుది తర్వాత చెబుతా' అనండి. వాడు కట్టే సెకండాఫ్‌లో హీరోయిన్ ఎదురుచూస్తుందా, వేరే పెళ్లి చేసుకుంటుందా, హీరో తిరిగొచ్చేసరికి తల్లి బతికి ఉంటుందా అన్నది చూడండి. వాడి మనసులో టెన్షన్ ఎక్కడుందో తెలుస్తుంది. వాయిదా దగ్గర్లో ఉంటే మాత్రం ఇలా సగంలో ఆపొద్దు. ఆ రోజుల్లో వాడికి తేలని విషయాలు చాలానే ఉంటాయి. శుభం కార్డు దాకా చెప్పేయండి.

వార్డులో టీవీ ఉంటే, దాంట్లో ఏమొస్తుందని కాదు, ఏ ఛానల్ పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారని అడగండి. ఒడియా సీరియల్ వాళ్లు, హిందీ పాటల వాళ్లు, తెలుగు సినిమా వాళ్లు మధ్యాహ్నం ఒక ఒప్పందానికి ఎలా వచ్చారో మావాడు ఒక ఇన్లాండ్ లెటరంతా రాశాడు. నేను చదివిన వాడి ఉత్తరాల్లో సంతోషంగా ఉన్నది అదే.

ఇలా అడగడం సినిమాకే కాదు. 1943 మార్చి 29న స్వాతంత్ర్య పోరాటంలోని గిరిజన నాయకుడు లక్ష్మణ్ నాయక్‌ను ఉరి తీసింది బరంపురం జైల్లోనే. కోరాపుట్ అడవుల నుంచి వచ్చిన మనిషి. ఆయన గురించి అక్కడ ఏం చెప్పుకుంటారని రాశాను. వాడు ఆ వైపు నుంచి వచ్చిన ఇద్దర్ని అడిగి, వాళ్ల ఊళ్లలో పాడే పాట భావం రాసి పంపాడు. నీ జైలు ఎలా ఉంది అని అడిగితే 'బాగుంది' అనేవాడు, అంతే.

ఇష్టం గురించి

మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె తెలుసు కదా. శశిరేఖ మూత తీస్తే అభిమన్యుడు కనిపిస్తాడు. నీకు ఎవరు కనిపిస్తారు అని అడగడానికి అంతకంటే మంచి సాకు దొరకదు. కానీ మొదటి ఉత్తరంలోనే అడిగేయకండి. నాలుగు కబుర్లు నడిచాక, వాడంతట వాడు ప్రేమ మాట ఎత్తాక అడగాలి. నేనడిగితే, మొదట అమ్మ, తర్వాత ఆ అమ్మాయి, తర్వాత మా హాలు పక్కన బజ్జీలు అని రాశాడు. పెట్టెలో ముగ్గురు పట్టరురా అన్నాను.

మరోచరిత్ర మాత్రం నేను ఎత్తలేదు. 1978లో అది ఆడినప్పుడు ఈ సరిహద్దు ఊళ్ల కుర్రాళ్లంతా మా కథే అనుకున్నారు. అతనిదొక భాష, ఆమెదొక భాష, మాకు వీధివీధికీ ఉన్నదే. కానీ అందులో పెద్దవాళ్లు పెట్టే షరతు ఏమిటి? ఏడాది పాటు కలుసుకోకూడదని. ఆ తర్వాత ముగింపు ఏమిటో మీకు తెలుసు. ఎడబాటు ముగిసే రోజున అంతా పోయే కథను, ఎడబాటులో ఉన్నవాడికి మనం గుర్తు చేయకూడదు. వాడే ఎత్తితే తప్పించుకోకుండా మాట్లాడండి.

ఒంటరిగా ఉన్నవాడి తలలో బయటి అమ్మాయి హీరోయిన్ అయిపోతుంది. మావాడు మొదట్లో రాసినవన్నీ పాటల్లో వచ్చే మాటలే. కళ్లు, నవ్వు, నడక. అవి ఏ అమ్మాయికైనా సరిపోతాయి. అప్పుడు నేను కెమెరా చూపించనివి అడగడం మొదలుపెట్టాను. టీలో పంచదార ఎంత వేసుకుంటుంది? దేనికి విసుక్కుంటుంది? నువ్వు చెప్పినదాంట్లో ఏది ఒప్పుకోలేదు? ఆ అమ్మాయి జాకెట్లు కుడుతుంది, కాబట్టి మిషను దగ్గర ఎలా కూర్చుంటుందో రాయమన్నాను. కొన్నిటికి తెలియదన్నాడు. టీ సంగతి అస్సలు తెలియదు. కానీ ఒకటి రాశాడు: కుట్టేటప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుంటుంది, అవి తీయకుండానే మాట్లాడుతుంది, అందుకే ఏం చెప్పినా మొదటి మాట వాడికి అర్థమయ్యేది కాదు, రెండోసారి అడిగితే సూదులన్నీ తీసి బల్ల మీద పెట్టి, 'ఇప్పుడు విను' అనేది. అక్కడ నాకు మొదటిసారి ఒక మనిషి కనిపించింది. వాడికి కూడా కనిపించే ఉంటుంది, ఎందుకంటే ఆ తర్వాత ఉత్తరాల్లో కళ్లూ నడకా తగ్గాయి.

వెంటపడటం గురించి కూడా సినిమా సాకుతోనే మాట్లాడాలి. మన సినిమాల్లో హీరో కాలేజీ గేటు దగ్గర నిలబడతాడు, బస్సు వెంట పరుగెత్తుతాడు, ఆమె వద్దంటున్నకొద్దీ ప్రేమ ఎక్కువని లెక్క. క్యాబిన్ కన్నంలోంచి రోజూ నాలుగాటలు చూస్తే తెర మీద చూడటానికి ఏం మిగలదు, జనాన్నే చూస్తాం. మా హాల్లో అప్పట్లో ఆడవాళ్లకు నేల మీద ఒక పక్క వేరే ఉండేది. ఈ సీన్లకు మగవాళ్ల వైపు ఈలలు, కాగితం ముక్కలు. ఆడవాళ్ల వైపు కదలిక ఉండేది కాదు. పిల్లలకు నీళ్లు పట్టేవాళ్లు, కొంగు సర్దుకునేవాళ్లు. ఆ తేడా నేను ఏళ్ల తరబడి చూశాను. అదే వాడికి రాశాను. కింద ఇంకో లైను కూడా చేర్చాను: వద్దన్నా వెంటపడటం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్, నీకున్న కేసు చాలు. బయటికొచ్చాక ఆ అమ్మాయి మాట్లాడనంటే ఏం చేయాలి అన్న మాట లోపల ఉండగానే జరగాలి. గేటు దాటిన రోజున ఎవరూ వినరు.

వాడికీ ఆమెకీ మధ్య రాయబారం మాత్రం చేయకండి. ఆ అమ్మాయి తనంతట తాను 'ఈ మాట చెప్పండి' అంటే ఆ మాటే, ఆమె చెప్పినట్టే రాయండి. లేకపోతే లేదు. ఎదురుచూస్తోందిరా అని ధైర్యం కోసం రాయడం పాపం, వాడు దాని మీద మేడ కట్టుకుంటాడు. బజార్లో ఎవరితో మాట్లాడింది, ఏ చీర కట్టింది అని కబుర్లు మోయడం అంతకంటే పాపం. ఆమె పేరు, షాపు, వీధి ఉత్తరంలో ఉండకూడదు. చదివే మూడో మనిషి ఉన్నాడని మరచిపోవద్దు. పర్లాకిమిడి ఎంత ఊరని? 'ఆ అమ్మాయి' అంటే మా ఇద్దరికీ తెలుసు, అది చాలు.

భార్యలు, ప్రేమించిన అమ్మాయిలు రాసేటప్పుడు ఎంతవరకు రాయాలని అడుగుతారు. గేటు దగ్గర చదివే మనిషి మీ మేనత్త అనుకుని రాయండి. ఆవిడ ముందు చెప్పుకోలేనిది కాగితం మీద వద్దు. అలాగని పొడిగా రాయనక్కర్లేదు. 'నీ చొక్కా ఇంకా ఉతకలేదు' అంటే మేనత్తకు కోపం రాదు, మొగుడికి అర్థమవుతుంది.

మగవాడికి మగవాడి మీద ఇష్టం కలిగిందన్న మాట కూడా ఎప్పుడైనా రావచ్చు. ఉలిక్కిపడి ఉపదేశం రాయకండి. ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య అది నేరం కాదని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా లోపల పరిస్థితి వేరు, అవతలి మనిషి పేరు బయటపడితే అతనికి ఇబ్బంది. 'నువ్వు చెప్పింది అర్థమైంది, నాకు నువ్వు నువ్వే, మిగతాది ఎదురుగా మాట్లాడుకుందాం' అని రాయండి. వార్డులో ఇంకెవరి ప్రేమ కథనైనా సరే కాగితం మీదకి లాగొద్దు.

చెడు కబురు

ఆ అమ్మాయికి వేరే సంబంధం ఖాయమైందని తెలిస్తే ఏం చేయాలి? ఇది మాకు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ముందుగా వాయిదా తేదీ చూసుకోండి. రెండు రోజుల్లో కోర్టు ఉంటే ఆగండి. ఉత్తరంలో మొదటిసారి చెప్పడం కంటే ములాఖాత్‌లో ముఖం చూసి చెప్పడం మేలు, మేం అలాగే చేశాం. వెళ్లలేని దూరమైతే మొదటి వాక్యంలోనే చెప్పేయండి. గారెలు, సినిమా, వర్షాలు రాసుకుంటూ వెళ్లి ఆఖర్న ఇది పెడితే, ఇకముందు మీ ప్రతి ఉత్తరాన్నీ వాడు కిందినుంచి భయంతో చదువుతాడు.

'ఆ అమ్మాయికి పెళ్లి కుదిరింది. ఇష్టపడే ఒప్పుకుందని మీ అత్తకు తనే చెప్పింది. నీకు బాధగా ఉంటుందని తెలుసు. కోపం వస్తే నా మీద రాయి, చదువుతాను.' ఇంతే. ఆమెను తిట్టొద్దు. 'నీకు రాసిపెట్టి లేదు', 'అంతా మన మంచికే' అనొద్దు. ప్రేమ విఫలమైన హీరో ఎవడి పేరూ ఎత్తొద్దు. ఈ ఒక్క ఉత్తరంలో సినిమా ఉండకూడదు. చెప్పిన మర్నాడే జైలు ఆఫీసుకు ఫోన్ చేసో, వెళ్లో, 'ఇంటినుంచి చెడు కబురు వెళ్లింది, కాస్త కనిపెట్టండి' అని చెప్పండి. ఎందుకు చెప్పాలని మొహమాటపడకండి. ఆ తర్వాత జవాబు రాకపోయినా మామూలు వరసలోనే రాస్తూ ఉండండి, ప్రశ్నలు లేకుండా, చిన్న చిన్నవి. మావాడు మళ్లీ రాయడం మొదలుపెట్టింది ఆ అమ్మాయి గురించి కాదు, టీవీ ఒప్పందం మళ్లీ తెగిపోయిందని.

పరిచయం లేని ఖైదీకి రాసేవాళ్లకు

ఇలా రాసే మంచివాళ్లూ ఉన్నారు. వాళ్లకు రెండు మాటలు. ఇంటి అడ్రసు కాకుండా పోస్ట్ బాక్సో, సంస్థ అడ్రసో వాడండి. ఫొటో వద్దు, డబ్బు వద్దు. నాలుగు ఉత్తరాలకే అవతలివాడు ప్రేమిస్తున్నానని రాస్తే నవ్వొద్దు, భయపడొద్దు, రెండు అర్థాలు వచ్చేలా కూడా రాయొద్దు. 'నేను స్నేహంగా రాస్తున్నాను, అలాగే రాస్తాను, నీకు సరే అంటే సినిమాల గురించి మాట్లాడుకుందాం' అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. మళ్లీ అదే వస్తే మానేయండి, మానేస్తున్నానని చెప్పి మానేయండి. ఉత్తరాల్లో కొట్టారు, తిండి పెట్టలేదు లాంటి మాట వస్తే మాత్రం దాన్ని కథలా తీసుకోవద్దు. తీహార్‌లో తోటి ఖైదీని హింసించారని సునీల్ బాత్రా సుప్రీంకోర్టు జడ్జికి రాసిన ఉత్తరాన్నే కోర్టు పిటిషన్‌గా తీసుకుంది. మీకొచ్చిన కాగితం కూడా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఇవ్వండి.

వచ్చిన ఉత్తరాల సంగతి

వాడి ఉత్తరం వచ్చిందంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. పైకి చదవమంటారు. చదవకండి. తల్లి గురించి ఉన్న నాలుగు లైన్లు చదివి వినిపించి, మిగతాది సినిమా గోల అని మడిచేయండి. నిజానికి అబద్ధం కూడా కాదు. తేదీ వరసలో ఒక ఫైల్లో పెట్టి బీరువాలో తాళం వేయండి. కేసుకు పనికొచ్చే ముక్క ఏదైనా కనిపిస్తే దాని జిరాక్స్ లాయర్‌కి ఇవ్వండి, అసలుది ఇవ్వొద్దు. వాడు బయటికొచ్చి అడిగితే అవన్నీ వాడివే, చింపేస్తానన్నా వాడిష్టం.